వ్యాపార రచన, దానికి తగిన చదువు: మార్కాపురం పలక నుంచి గృహలక్ష్మి దాకా

సరుకును పొగడటం కన్నా ముందు, ఆ సరుకుతో పనిపడే మనిషికి అక్కరకొచ్చే సంగతి చెప్పి, ఆ చెప్పడం వల్ల నమ్మకం సంపాదించుకునే రాతను వ్యాపార రచన అనవచ్చు. ఇప్పటి కంపెనీలు దీన్నే కంటెంట్ మార్కెటింగ్ అంటున్నాయి. ప్రకటనకూ దీనికీ తేడా ఏమిటో మిరప రైతును అడిగితే తెలుస్తుంది. ‘మా మందు కొట్టండి, ముడత పోతుంది’ అన్నది ప్రకటన. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు పని, కిందికి ముడుచుకుంటే నల్లి పని, రెంటికీ మందులు వేరు అని బొమ్మతో సహా చెప్పే చిన్న కాగితం వ్యాపార రచన. మొదటిదాన్ని చదివి పారేస్తాడు. రెండోదాన్ని మడిచి చూర్లో దోపుకుంటాడు, మళ్లీ ముడత వచ్చినప్పుడు తీసి చూస్తాడు. ఆ కాగితం కింద ఏ కొట్టు పేరుందో ఆ కొట్టుకే వెళతాడు.

అలాంటి కాగితం రాయాలంటే రాసే మనిషికి పురుగు సంగతి తెలియాలి, మందు సంగతి తెలియాలి, రైతు మాట తెలియాలి. ఈ మూడూ చదివితేనే వస్తాయి. అందుకే ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లలో చదువంటే ఇష్టమున్నవాళ్లే నిలబడతారు. వాళ్లకు పనికొచ్చే చదువు ఎక్కడుందో చెప్పడం ఈ వ్యాసం పని. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం చుట్టుపక్కల సీమను, అంటే పశ్చిమ ప్రకాశాన్ని, ఇక్కడ ఆధారంగా తీసుకుంటున్నాం. తెలుగు పిల్లలు తరాల తరబడి అక్షరాలు దిద్దిన పలక ఈ నేల నుంచి వెళ్లింది. తెలుగులో వ్యాపార రచనకు బాట వేసిన ఇద్దరిలో ఒకాయన ప్రకాశం జిల్లా మనిషే.

పలక

నల్లమల పక్కన పరుచుకున్న రాతిపొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం ఊరి పేరే పెట్టారు. కడప రాతి సముదాయంలో నల్లమల వర్గానికి చెందిన ఈ కంభం శ్రేణిలో షేలు, ఫిల్లైటు, పలకరాయి ఉంటాయి. వీటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద గట్టిపడి షేలు అవుతుంది. భూమి లోపలి ఒత్తిడికి, వేడికి అది ఇంకా బిగిసి, దానిలోని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే వైపుకు సర్దుకుంటే పలకరాయిగా మారుతుంది. ఉలి ఆనించి సుత్తితో నెమ్మదిగా తట్టగానే అది పొరలు పొరలుగా విచ్చుకోవడానికి కారణం ఈ సర్దుబాటే.

ఆ పొరను కోసి, నునుపు చేసి, చెక్క చట్రంలో బిగిస్తే బడిపలక. దాంతో పాటు బలపం. 1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష తరవాతి కాలంలో పెద్దబాలశిక్షగా పెరిగి ఇంటింటికీ చేరింది. ఆ పుస్తకం ఒక చేతిలో, పలక ఇంకో చేతిలో పట్టుకుని బడికి వెళ్లిన తరాలు ఎన్నో. పుస్తకం అచ్చయిన ఊరి పేరు దాని అట్ట మీద ఉంటుంది. పలక ఏ ఊరి కొండలోంచి వచ్చిందో దాని చట్రం మీద చూసిన గుర్తు చాలామందికి ఉండదు. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలుమార్గంలో దొనకొండ దాటాక మార్కాపురం రోడ్డు స్టేషన్ వస్తుంది, తరవాత తర్లుపాడు, కంభం, గిద్దలూరు. ఆ దారిలో రోజూ వెళ్లేవాళ్లకు పలకల ఊరంటే ఏమిటో తెలుసు. పలక కొనే తల్లిదండ్రులకు తెలియలేదు. ఇంత పేరు రావలసిన సరుకు తన కథ చెప్పుకోకుండానే సగం కాలం గడిపేసింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

తరవాత నోటుపుస్తకాలు చవకయ్యాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, రాతిపలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి ఇప్పుడు నేలకు, గోడకు, ఇంటి పైకప్పుకు పరిచే బిళ్లలుగా దేశం దాటి వెళుతోంది. దీనితో కొనేవాడు మారిపోయాడు. ఒకప్పుడు పంతులుగారు, తల్లిదండ్రులు. ఇప్పుడు ఎక్కడో చలిదేశంలో ఇల్లు కట్టించే ఇంజనీరు. అతను అడిగే ప్రశ్నలు వేరు: ఈ రాయి ఎంత నీరు పీలుస్తుంది? ఇందులో పైరైటు ఉందా? ఉంటే వానకు తుప్పు చారలు కారుతాయా? గడ్డకట్టే చలిలో, మళ్లీ కరిగే ఎండలో పొర ఊడుతుందా? మందం ఎంతలో ఎంత తేడా వస్తుంది? అమెరికాలో కప్పుపలకలకు ఏఎస్‌టీఎం సీ 406 అనే ప్రమాణం ఉంది, ఐరోపాలో ఈఎన్ 12326 ఉంది. మార్కాపురం రాయి గురించి విదేశీ కొనుగోలుదారుకు రాయబోయేవాడు ముందుగా చదవవలసినవి ఇవే. ఇవి చదివిన మనిషి రాసిన రెండు పేజీలు, ‘ప్రపంచ ప్రఖ్యాత నాణ్యత’ అని రాసిన ఇరవై పేజీల కన్నా ఎక్కువ సరుకు అమ్ముతాయి.

ఈ మాటకు పాత సాక్ష్యం ఒకటుంది. అమెరికాలో ప్రకటనల రచయిత క్లాడ్ హాప్కిన్స్ ష్లిట్జ్ అనే బీరు కంపెనీకి రాయడానికి ముందు ఆ కర్మాగారం లోపలికి వెళ్లి తిరిగాడు. సీసాలను ఆవిరితో ఎలా కడుగుతారో, నీటిని ఎంత లోతు నుంచి తోడుతారో చూశాడు. అవన్నీ అందరు తయారీదారులూ చేసేవే అని కంపెనీవాళ్లు చెప్పారు. అందరూ చేస్తున్నారు, ఎవరూ చెప్పలేదు, మనం చెబుదాం అన్నాడు హాప్కిన్స్. ఆయన 1923లో రాసిన ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’, 1927 నాటి ఆత్మకథ ఈ వృత్తివాళ్లు తప్పక చదవాలి. మరో ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ 1963లో రాసిన పుస్తకం కూడా అదే వరసలోది. మార్కాపురం వ్యాపార రచయితకు హాప్కిన్స్ నేర్పే పాఠం ఒక్క ముక్కలో ఉంది: రాయి చీలే చోటికి వెళ్లి నిలబడి చూడు. చీల్చే మనిషి చేతివాటం, చీలిక తప్పితే ఎంత రాయి వృథా అవుతుంది, ఏ రంగు రాయి ఏ లోతులో దొరుకుతుంది, ఇవన్నీ అక్కడివాళ్లకు రోజూ ఉండేవే. కొనేవాడికి మాత్రం కొత్త.

అక్కడ నిలబడి చూస్తే ఇంకొకటి కూడా కనబడుతుంది. రాతిని పొడిగా కోసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకబలపాల కార్మికుల్లో ఈ జబ్బు గురించి వైద్యులు ఎంతో రాశారు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. సరుకు గురించి రాసేవాడు దాన్ని చేసే మనిషి ఊపిరి గురించి చదవకుండా ఉండకూడదు. నీళ్లతో కోసే యూనిట్ తన కాగితంలో ఆ సంగతిని మొదటి పేరాలోనే చెప్పుకోవచ్చు, దాన్ని అడిగే కొనుగోలుదారులు ఉన్నారు.

అమృతాంజనం, లోధ్ర

తెలుగు పత్రికల చరిత్రలో రెండు మందుల పేర్లు ఎప్పటికీ ఉంటాయి. మొదటిది అమృతాంజనం. కృష్ణా జిల్లా పెసరమిల్లిలో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ఆ తలనొప్పి మందు తయారీ మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో జనానికి ఉచితంగా పంచిపెట్టి అలవాటు చేశారని చెబుతారు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసులో దినపత్రిక, 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. మందు లాభం పత్రికలకు వెళ్లింది, పత్రికలు తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లాయి. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలను జనం ఏడాదంతా దాచుకుని చదివారు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూయడంతో ఆగిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని 1930లలో మళ్లీ అచ్చువేయించినది కూడా నాగేశ్వరరావే. తెలుగులో విజ్ఞాన సర్వస్వం అనే ప్రక్రియే ఒక తలనొప్పి మందు నీడన బతికి బట్టకట్టిందంటే, వ్యాపారానికీ చదువుకూ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

అయినా ఒక తేడా గుర్తించాలి. ఆంధ్రపత్రిక, భారతి అమృతాంజనం కోసం పుట్టినవి కావు. దేశం కోసం, భాష కోసం పుట్టాయి. మందు వాటిని మోసింది. వ్యాపార రచన అసలు రూపం చూడాలంటే రెండో మందు దగ్గరికి రావాలి.

కోట నరసింహం 1875లో ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో పుట్టారు. పేదరికం, చిన్న వయసులోనే మద్రాసు దారి. అక్కడ వైద్యం నేర్చి, కేసరి అనే పేరుతో స్థిరపడి, కేసరి కుటీరం స్థాపించారు. ఆ కుటీరానికి పేరు తెచ్చిన మందు లోధ్ర. లొద్దుగ చెట్టు బెరడును స్త్రీల జబ్బులకు వాడటం ఆయుర్వేదంలో పాత సంగతే. ఆ చెట్టు పేరే మందుకు పేరైంది. మందు ఆడవాళ్లది. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఆ జబ్బుల మాట బయటికి చెప్పుకునేవారు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లడం అంతకన్నా అరుదు. బజార్లో బోర్డు కడితే లాభం లేదు. మందు మాట ఇంట్లోకి, వంటింటి గడప లోపలికి వెళ్లాలి. మగవాళ్ల చేతుల మీదుగా కాకుండా ఆడవాళ్లే చదువుకునేలా వెళ్లాలి.

1928లో కేసరి ‘గృహలక్ష్మి’ మాసపత్రిక మొదలుపెట్టారు. అందులో కథలు, ఇంటి వైద్యం, పిల్లల పెంపకం, స్త్రీవిద్య, సంఘ సంస్కరణ అన్నీ ఉండేవి. ఆడవాళ్లు చదివే పత్రికగానే కాక ఆడవాళ్లు రాసే పత్రికగా నిలబడింది. కనుపర్తి వరలక్ష్మమ్మ అందులో ‘శారద లేఖలు’ రాశారు. శారద అనే ఆమె స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో, ఆనాటి చట్టాల నుంచి ఇంటి ఖర్చుల దాకా మాట్లాడిన రచన అది. 1934 నుంచి గృహలక్ష్మి తరఫున రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించడం మొదలైంది. మొదటి కంకణం వరలక్ష్మమ్మకే దక్కింది. ఒక మందుల తయారీదారు ఆడవాళ్ల రచనకు బంగారు కంకణం తొడగడం, అది సాహిత్యలోకంలో గౌరవంగా నిలబడటం, తెలుగు వ్యాపార చరిత్రలో దీనికి సాటి రాగల మరో సంగతి నాకు కనిపించదు.

ఇందులో కేసరి చేసిన పనిని వృత్తివాళ్లు విడదీసి చూడాలి. ముందుగా ఆయన చదివేవాళ్లెవరో ఖాయం చేసుకున్నారు: అక్షరం వచ్చిన, ఇంట్లో ఉండే తెలుగు ఆడవాళ్లు. వాళ్ల రోజులో ఏ తీరిక వేళ ఉంటుందో దానికి తగిన నిడివిలో, తగిన మాటల్లో సంచిక కూర్చారు. రాసే పని తనకు తెలిసినంత మేరకు తాను చేసి, తనకు తెలియని లోకాన్ని తెలిసినవాళ్లకు వదిలేశారు. ఆడవాళ్ల బతుకు గురించి ఆడవాళ్లే రాశారు. మందు ప్రకటన దాని చోట అది ఉండేది, శారద ఉత్తరంలోకి చొరబడలేదు. ఈ చివరి సంయమనమే అన్నిటికన్నా కష్టమైనది. ఇవాళ ఏ కంపెనీ కాగితం చూసినా మూడో వాక్యంలోనే సరుకు పేరు తొంగిచూస్తుంది.

కేసరి తన ‘చిన్ననాటి ముచ్చట్లు’ తానే రాసుకున్నారు. పల్లెటూరి పేదపిల్లవాడి కళ్లతో ఆనాటి ఒంగోలు సీమ, మద్రాసు వీధులు అందులో కనిపిస్తాయి. 1953లో ఆయన కాలం చేశారు. మద్రాసు మైలాపూరులో ఆయన పేరిట బడి ఇప్పటికీ ఉంది. ప్రకాశం జిల్లా యువతీయువకుల్లో ఈ వృత్తిలోకి రాదలచినవాళ్లకు మొదటి పుస్తకంగా నేను దీన్నే చేతిలో పెడతాను.

పొలం కాగితం

బయటి దేశాల ముచ్చట కొద్దిలో చెప్పుకుందాం. నాగళ్లు చేసే డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ‘ది ఫర్రో’ అనే పత్రిక తెచ్చింది, అది ఇంకా నడుస్తోంది. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కారు యజమానులకు దారులు, మరమ్మతు చోట్లు, పూటకూళ్ల ఇళ్లు తెలిపే పుస్తకాన్ని ఉచితంగా పంచింది. కార్లు ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయన్నది వాళ్ల లెక్క.

తెలుగునాట పొలం వైపు చూసిన పత్రికల్లో ‘అన్నదాత’ పెద్దది. దిల్లీలో ప్రకటనల సంస్థలో పనిచేసి వచ్చిన రామోజీరావు 1969లో దాన్ని ప్రారంభించారు. 1974లో విశాఖపట్నం నుంచి ‘ఈనాడు’ వచ్చింది. 1989లో ఆ పత్రిక జిల్లాకొక అనుబంధం వేయడం మొదలుపెట్టాక, ఊరి బట్టలకొట్టు, ఊరి ట్యూషన్ సెంటర్ కూడా ప్రకటన ఇవ్వగల ధర వచ్చింది. ప్రకాశం జిల్లా పేజీ తీస్తే గిద్దలూరు వార్త పక్కనే గిద్దలూరు కొట్టు. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్’లో ఈ మార్పును శ్రద్ధగా పరిశీలించాడు. చిన్న ఊళ్లలో కొనేశక్తి, చదివే అలవాటు, స్థానిక ప్రకటన ఒకదాన్నొకటి ఎలా పెంచాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పుస్తకం లేదు.

అన్నదాత పాత సంచికలు ఎక్కడ దొరికినా వదలకూడదు. విత్తనం పేరు, ఎకరాకు మోతాదు, పిచికారీ వేళ, ఏ నెలలో ఏ పని అన్నవి అలంకారం లేకుండా ఎలా చెప్పాలో అందులో ఉంది. కంది, పత్తి, వేరుశనగ, పొగాకు మీద బతికే పశ్చిమ ప్రకాశంలో రైతుకు రాసేవాడికి ఆ వాక్యాలే వ్యాకరణం.

మాట దొరికే చోట్లు

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాల మీద 1962లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించింది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచే సేకరించిన పదాలు, ఏ పదం ఏ జిల్లాలో అంటారో చెబుతూ పొందుపరిచారు. చేనేత, గృహనిర్మాణం వంటి ఇతర వృత్తుల సంపుటాలు తరవాత వచ్చాయి. పనిముట్టుకు కోస్తాలో ఒక పేరు, రాయలసీమలో ఒక పేరు ఉన్నచోట ఈ సంపుటాలు రచయితను నవ్వులపాలు కాకుండా కాపాడతాయి. పశ్చిమ ప్రకాశానికి ఈ చిక్కు మరీ ఎక్కువ. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1972లో జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు మాట కోస్తా వైపు, గిద్దలూరు మాట సీమ వైపు మొగ్గుతుంది. ఒకే కరపత్రాన్ని రెండు చోట్లా పంచితే ఒకచోట అది పొరుగూరి కాగితంలా కనిపిస్తుంది.

ఇదే కారణంతో ఈ ప్రాంతం పాత సమాచారం ఒక్క జిల్లా పుస్తకంలో దొరకదు. నరహరి గోపాలకృష్ణమచెట్టి 1886లో రాసిన కర్నూలు జిల్లా మాన్యువల్ మార్కాపురం, కంభం వైపు వాళ్లకు మొదటి ఆధారం. అంతకు ముందటి కాలానికి, అంటే ఆ తాలూకాలు కడప కింద ఉన్న రోజులకు, గ్రిబుల్ రాసిన 1875 నాటి కడప మాన్యువల్. పొదిలి, కనిగిరి, దర్శి వైపుకు బాస్వెల్ రాసిన 1873 నాటి నెల్లూరు మాన్యువల్. వీటికి ముందు సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు ఉన్నాయి. ఊరి కథను ఊరివాళ్లు చెప్పిన తీరులోనే రాసుకున్న కాగితాలు అవి. ‘శతాబ్దాల చరిత్ర గల మా ఊరు’ అని గాలికి రాసే బదులు, ఏ శతాబ్దమో చూసి రాయడానికి ఇవి చాలు.

అలాగే బూదరాజు రాధాకృష్ణ పుస్తకాలు. ఈనాడు జర్నలిజం స్కూలులో తరాల విలేకరులకు తెలుగు నేర్పిన ఆయన, వాక్యంలో ఏ మాట అనవసరమో చూపించడంలో దిట్ట.

గ్రంథాలయాల సంగతి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అంటే శాఖా గ్రంథాలయంలో బల్ల మీదున్న పత్రిక మనం ముందే డబ్బు కట్టి కొన్నదే. పాత సంచికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం వెళ్లాలి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయానికి 1929లో గాంధీ వచ్చారు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అక్కడి పాత పత్రికల కట్టల్లో కథల కన్నా ప్రకటనలు చదవడం నాకు ఎక్కువ లాభం చేసింది. ఎవరికి, ఏ భయం చెప్పి, ఏ ఆశ పెట్టి అమ్మారో అక్కడ బట్టబయలుగా ఉంటుంది. కొన్ని చదివితే సిగ్గు కలుగుతుంది. కొన్ని చదివితే ఇంత తేలిగ్గా ఇంత మంచి తెలుగు రాశారా అనిపిస్తుంది.

నీళ్లు, తేనె

పశ్చిమ ప్రకాశంలో ఎవరు ఏమి అమ్మినా మంచినీళ్ల మాట రాకుండా పోదు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎన్నో ఊళ్లను పీడిస్తోంది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దల్లో వంగిన ఎముకలు. వెలిగొండ ప్రాజెక్టుకు, దానికోసం పోరాడిన నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టడం వెనక ఈ నీళ్ల ఆకలే ఉంది. ఇరవై లీటర్ల క్యాన్లు అమ్మే ప్లాంటు ఊరూరా ఉంది, గోడ మీద ‘శుద్ధజలం’ అని ఉంటుంది. దాని పక్కనే రాయదగిన సంగతులు ఎన్ని ఉన్నాయో చూడండి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మేలని, 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలినదానిలో గాఢత పెరుగుతుంది కూడా. ఆర్వో పద్ధతిలో ఫ్లోరైడ్ తగ్గుతుంది. తాగే నీళ్లు మాత్రమే కాక అన్నం, పప్పు వండే నీళ్లు కూడా మంచివే కావాలి. మీ బోరు నీళ్లను పరీక్ష చేయించుకోండి. ఈ ఆరు వాక్యాలున్న కాగితాన్ని క్యాను మూతతో పాటు ఇచ్చే ప్లాంటును జనం నమ్ముతారు. ఒక తల్లి అన్నం వండే నీళ్లు మారుస్తుంది. అమ్మకం తరవాత సంగతి.

తేనె ఇంకో ఉదాహరణ. నల్లమల చెంచులు తెచ్చే తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది. చలికాలంలో సీసా అడుగున తేనె గడ్డకట్టగానే ‘చక్కెర కలిపారు’ అని కొన్నవాళ్లు వెనక్కి తెస్తారు. తేనెలోని గ్లూకోజు చల్లదనానికి స్ఫటికంగా మారడం సహజం, గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది అని చీటీ మీద రాస్తే చెట్టెక్కి ప్రాణాలకు తెగించి తేనె తెచ్చిన మనిషి పేరు చెడకుండా ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, బాట్యులిజం అనే విషదోషం రావచ్చు అన్న ముక్క కూడా అదే చీటీ మీద ఉండాలి. మన ఇళ్లలో పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం ఉంది కనుక, ఈ మాట చెప్పడానికి ధైర్యం, మన్నన రెండూ కావాలి. నాయనమ్మను నొప్పించకుండా చెప్పగలగాలి.

చట్టం కూడా చదవవలసిన పాఠమే. 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్నే నిషేధించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా విధిస్తుంది. మధుమేహం పూర్తిగా పోగొడతాం అని గోడ మీద రాయించే ముందు ఈ రెండూ తెలియాలి.

చెవికి రాయడం

మార్కాపురంలో ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం ఉంది. సంతరోజున మైకు కట్టుకుని తిరిగే ఆటో ఉంది. ఈ రెంటికీ రాసే పని కాగితానికి రాసే పని కన్నా వేరు. కంటితో చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళతాడు, చెవితో వినేవాడికి ఆ వీలు లేదు. ఆటో ఆ వీధి మలుపు తిరిగే లోపల కొట్టు పేరు, చోటు, సరుకు మూడూ వినపడాలి. దండోరా వేసే మనిషి మాట ముందుగా ఊరి పేరు ఎత్తుకుని, తరవాత సంగతి చెప్పి, మళ్లీ ఊరి పేరుతో ముగించడం ఊరకే వచ్చిన అలవాటు కాదు. బుర్రకథలో వంత పాడేవాళ్లు కథకుడి మాటను మళ్లీ అందుకోవడంలోనూ అదే చెవి లెక్క ఉంది. రేడియోకు రాసేవాళ్లు ఇంగ్లీషు పాఠాల కన్నా ముందు వీటిని వినాలి.

గోడకు వేలాడే క్యాలెండరు ఇంకా పెద్ద పాఠం. తిథి, వర్జ్యం, రాహుకాలం, పండగ, సెలవు ఉన్న కాగితాన్ని ఇంటివాళ్లు రోజుకు రెండుసార్లయినా చూస్తారు. ఏలూరు వెంకట్రామా కంపెనీ క్యాలెండర్లు ఆంధ్ర దేశమంతా ఇళ్ల గోడలెక్కడానికి కారణం వాటిలోని పంచాంగమే. కొట్టువాళ్లు తమ పేరు అచ్చువేసి పంచే క్యాలెండరు కూడా తిథి తప్పుపడితే మర్నాడు గోడ దిగుతుంది.

కంభం చెరువు దగ్గర

కంభం చెరువు గుండ్లకమ్మ మీద పదహారో శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టినది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు–కడప కాలువకు అదే ఏడు ఆ గౌరవం దక్కింది. శ్రీశైలానికి తూర్పు వాకిలి అయిన త్రిపురాంతకం గుడికి వెళ్లే బస్సులు ఈ ప్రాంతం మీదుగా వెళతాయి. యాత్రికులు టీ తాగడానికి ఆగుతారు. ఆ టీకొట్టు పక్కన లాడ్జి నడిపే మనిషి ఒక అరపేజీ కాగితం అచ్చు వేయించవచ్చు: చెరువు ఏ రెండు కొండల నడుమ కట్టారు, కట్ట ఎక్కడ నుంచి చూస్తే బాగుంటుంది, ఏ నెలల్లో నీళ్లు నిండుగా ఉంటాయి, ఆఖరి బస్సు ఎన్నింటికి. ఆ అరపేజీకి మాన్యువల్‌లో ఒక అధ్యాయం, చెరువు కట్ట మీద ఒక సాయంత్రం, బస్టాండులో కంట్రోలరుతో పది నిమిషాలు కావాలి. అడుగున లాడ్జి పేరు చిన్న అక్షరాల్లో ఉంటే చాలు.